పాత రథం

1932లో నిజాం ప్రభుత్వం రైల్వేకి అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ పెట్టి, 27 బస్సులు, 166 మంది సిబ్బందితో సర్వీసులు మొదలుపెట్టింది. మన ఆర్టీసీ పుట్టుక అదే. ఆ తొలినాళ్ళలో హైదరాబాద్ రోడ్లెక్కిన ఆల్బియన్ బస్సులు స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి వచ్చాయి. ఇప్పుడా పేరుతో కొత్త బండి ఒక్కటీ రాదు. అలాంటి కంపెనీ ఎలా పుట్టి ఎలా పోయిందో నలుగురికీ తెలియాలన్న పట్టుదలతో దాని చరిత్ర రాయడానికి పూనుకున్నాను.

1899లో టామస్ బ్లాక్‌వుడ్ మరే, నార్మన్ ఫుల్టన్ కలిసి పెట్టిన కంపెనీ అది. పెట్టుబడి కోసం మరే తండ్రి బిగ్గర్ అనే ఊరి దగ్గరున్న తన భూములు తాకట్టు పెట్టి 1,300 పౌండ్లు తెచ్చిచ్చాడు. గ్లాస్గోలో ఒక మేడమీద ఏడుగురు పనివాళ్ళతో కార్ఖానా. తొలి కారు వార్నిష్ పూసిన చెక్కబండి. దానికి స్టీరింగు చక్రం కూడా లేదు, పిడి పట్టుకుని తిప్పడమే. మొదటి ప్రపంచ యుద్ధంలో అదే కంపెనీ సైన్యానికి దాదాపు ఆరువేల లారీలు చేసిచ్చింది. 1951లో లేలాండ్ కొనేసింది. 1972లో బండ్ల మీద ఆల్బియన్ పేరు ఆగిపోయింది. ఆ తర్వాత అక్కడి ఫ్యాక్టరీ ఇతరుల బండ్లకి ఇరుసులు చేసిపెట్టింది.

సాలూరు లారీలకు పేరుమోసిన ఊరు. అక్కణ్ణుంచి ఘాటు ఎక్కి బస్తర్ వెళ్ళి, జగదల్‌పూర్‌లో స్థిరపడిన ఒక పెద్ద లారీ మేస్త్రి దగ్గర ఆల్బియన్ బండి బిళ్ళ ఉందని తెలిసి, దసరా ముందు అక్కడికి చేరాను.

మేస్త్రి పెట్టె అడుగునుంచి గుడ్డమూట తీసి విప్పాడు. అరచేతిలో పట్టేంత ఇత్తడి బిళ్ళ. పైన ఉదయిస్తున్న సూర్యుడు, కిరణాలు, వాటి మీదుగా కంపెనీ పేరు. రేడియేటర్ వేడికి ఒక పక్క నల్లబడింది. కిరణాల సందుల్లో ఇంకా గ్రీజు ఉంది.

"సూర్యోదయమంత ఖాయం. ఇదీ ఆ కంపెనీ నినాదం" అన్నాను.

మేస్త్రి బిళ్ళని బొటనవేలితో తుడిచాడు. "నా సిన్నప్పుడు మా గురువు ఈ ఇంజను మీదే పని నేర్పినాడు బాబూ. ఇప్పుడు దాన్ని ఇప్పి మళ్ళీ కట్టాలంటే ఈ రోడ్డు మీద నానొక్కణ్ణే. నా కొడుకులకి సెల్లుల కొట్టుంది. ఆళ్ళకి పానా పట్టడం రాదు."

సాయంత్రం నన్ను సిరహాసార్ అనే చోటికి తీసుకెళ్ళాడు. దంతేశ్వరి అమ్మవారి దసరా రథం అక్కడ తయారవుతోంది. ఓరుగల్లు నుంచి వచ్చిన అన్నమదేవుడి వంశంలోని పురుషోత్తమదేవుడు మొదలుపెట్టిన వేడుక ఇది, ఆరువందల ఏళ్ళనాటి మాట అంటారు. రథం చేసే హక్కు బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్ళవాళ్ళది. ఏటా కొత్త కలపతో ఒక రథం కట్టాల్సిందే. ఒక ఏడు నాలుగు చక్రాలది, మరుసటేడు ఎనిమిది చక్రాలది.

ఒక ముసలాయన మసిలో ముంచిన దారం లాగిపట్టి దుంగ మీద టప్పున కొట్టాడు. నల్లగీత పడింది. పద్నాలుగేళ్ళ కుర్రాడు ఆ గీత వెంట బాడిసతో చెక్కుతున్నాడు. ఒకచోట దెబ్బ గీత దాటింది. ముసలాయన ఏమీ అనలేదు. కుర్రాడి మణికట్టు పట్టుకుని కాస్త వంచి వదిలాడు. తర్వాతి దెబ్బ గీత మీదే పడింది.

నా మనసులో మాట మేస్త్రితో అన్నాను. "పాత రథాలు ఎక్కడా కనబడవేం? వందేళ్ళ కిందటిది ఒక్కటి మ్యూజియంలో ఉన్నా ఎంత బాగుండేది! బిగ్గర్‌లో ఆల్బియన్ కాగితాలన్నీ ఎంత భద్రంగా దాచారో! వీళ్ళు కూడా ఒక్కటి దాచుకోవాల్సింది. అడిగి చూడండి."

మేస్త్రి హల్బీ భాషలో అడిగాడు. ముసలాయన పని ఆపకుండానే నాలుగు ముక్కలు చెప్పి మళ్ళీ దారం మసిలో ముంచాడు.

మేస్త్రి వెంటనే నాకు చెప్పలేదు. నేను మళ్ళీ అడిగాక అన్నాడు:

"పాతది దాసుకుంటే కొత్తది సెయ్యక్కర్లేదు గదా అంతన్నాడు బాబూ. నాలుగేళ్ళు సెయ్యకపోతే ఈ గుంటడికి పని రాదంట. ఆపైన తమలాంటోళ్ళొచ్చి ఆళ్ళ సరిత్ర రాయాల్సొస్తాదంట."