నాన్నగారి గచ్చు

మా నాన్నగారు మాకు రెండు ఆస్తులు వదిలి వెళ్ళారు. చరాస్తి ఒక సైకిలు, స్థిరాస్తి పెరట్లో గచ్చు. సైకిలు చరాస్తి అని నిరూపించడానికి ఎవరో పుణ్యాత్ముడు ఒక రాత్రి దాన్ని నడిపించుకుపోయాడు. గచ్చు జోలికి మాత్రం నలభై ఏళ్ళుగా దొంగా రాలేదు, దొరా రాలేదు.

ఆ గచ్చు పుట్టడానికి కారణం గోదావరి. 1986 ఆగస్టు వరద మా జిల్లాల్లో ఇప్పటికీ ఒక శకారంభం. ఫలానా వాళ్ళ పెళ్ళి ఎప్పుడయిందంటే "వరదకు ముందా, తర్వాతా" అని అడుగుతారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరిన వరద అది. ఆ నీళ్ళు మా పెరట్లోకీ వచ్చి రెండు రోజులు మకాం వేశాయి. వెళ్తూ వెళ్తూ మా అమ్మ బట్టలుతుక్కునే ఇటుకల అరుగుని తమతో తీసుకుపోయి, బదులుగా మోకాలి లోతు ఒండ్రు ఇచ్చాయి.

నాన్నగారిది ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. రోజంతా గోదావరి నీళ్ళతోనే పని. ఆఫీసులో తేల్చుకోవాల్సిన తగువుని గోదావరి ఇంటిదాకా తెచ్చిందని ఆయనకు మహా కోపం వచ్చింది. "ఈసారి వస్తే ఏం కదుపుతుందో చూస్తాను" అని పన్నెండడుగులకు పదడుగుల గచ్చు పోయించారు. సిమెంటు బస్తాకు పర్మిట్ పట్టుకుని తిరిగిన కాలం చూసిన మనిషి. బజార్లో డబ్బిస్తే సిమెంటు దొరికే రోజులొచ్చేసరికి చెయ్యి ఆగలేదు. ఆయన డైరీలో లెక్క ఇప్పటికీ ఉంది. పన్నెండు బస్తాలతో అయ్యే పనికి పద్దెనిమిది పడ్డాయి.

అంతటితో ఆగలేదు. చుట్టూ ఇసకతో గట్లు వేయించి, వరిమడిలో నిలిపినట్టు గచ్చు మీద నీళ్ళు నిలిపారు. కాంక్రీటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది ఆరదు, తాగుతుంది. సిమెంటూ నీళ్ళూ కలిసి లోపల రాయిగా మారుతుంటాయి. అందుకే 28 రోజులు తడి ఆరనివ్వకూడదంటారు. ఆ 28 రోజులూ బడికి వెళ్ళేముందు పది బకెట్లు, వచ్చాక పది బకెట్లు మోసింది ఎవరనుకున్నారు? నేనే. పాముకు పాలు పోసి పెంచడమంటే ఏమిటో నాకు నలభై ఏళ్ళ తర్వాత తెలిసింది.

పోయిన వేసవిలో మా బోరు దగ్గడం మొదలుపెట్టింది. ఒక బకెట్టు నీళ్ళిచ్చి రెండు బకెట్ల గాలి ఇచ్చేది. వాన పడితే పెరట్లో నీళ్ళన్నీ గచ్చు మీద జారి వీధి కాలవలోకి పోతున్నాయి. "ఇంత ఇంట్లో నాలుగు మల్లె మొక్కలు వేసుకుందామన్నా వేలెడు మట్టి లేదు. ఆ గచ్చు తీయించెయ్యండి" అంది మా ఆవిడ. అమ్మ ఏమంటుందో అని భయపడ్డాను. అమ్మ ఫిల్టరు కాఫీ ఊదుకుంటూ, "తీస్తే తియ్యి. నీవల్ల అవుతుందా?" అంది.

ఆ ప్రశ్నే కొంప ముంచింది. కూలీలను పిలుద్దామనుకున్నవాణ్ణి అప్పటికప్పుడు ఐదు కిలోల సమ్మెట కొనుక్కొచ్చాను.

మొదటి దెబ్బ గచ్చు నడిమధ్యలో వేశాను. టంగుమని మోగింది. ఆ మోత చేతిలోంచి మోచేతికి, మోచేతిలోంచి దవడకు పాకి, వెనకాల కట్టించుకున్న పన్ను దగ్గర ఆగింది. వంగి చూశాను. ఆవగింజంత తెల్లచుక్క. ఇరవై దెబ్బలకు ఇరవై చుక్కలయ్యాయి. "మెలికల ముగ్గుకి బాగా కుదిరాయండి, గీతలు కలుపుతాను" అంది మా ఆవిడ.

పక్కింటి రిటైర్డు ఫిజిక్స్ మాస్టారు ప్రహరీ మీదుగా తల పెట్టారు. "ఏమోయ్, కాంక్రీటుని నొక్కితే లొంగదు, లాగితే లొంగుతుంది. నొక్కుడుకి ఆగే దాంట్లో లాగుడుకి సుమారు పదో వంతే ఆగుతుంది. అందుకే లోపల ఇనుము వేస్తారు. నువ్వు నడిమధ్యలో నొక్కుతున్నావు" అన్నారు.

"అయితే ఎలా లాగాలి మాస్టారూ?"

"అది ఇంజనీర్లను అడగాలోయ్. నాది థియరీ" అని తల దించేసుకున్నారు.

ఇంతకీ నేను కొడుతున్నది ఎంతో చూద్దామని ఒక అంచున మట్టి తవ్వి కొలిచాను. నాలుగంగుళాలు ఉంటుందనుకున్న గచ్చు ఏడంగుళాలుంది. కాయితం పెన్సిలు తీసుకున్నాను. 120 చదరపు అడుగులు, ఏడంగుళాల మందం, మొత్తం 70 ఘనపుటడుగులు. ఘనపుటడుగు కాంక్రీటు సుమారు 68 కిలోలు తూగుతుంది. నా బరువూ అంతే. అంటే మా పెరట్లో నాలాంటి వాళ్ళు డెబ్భై మంది ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని పడుకున్నారు. వాళ్ళను లేపడానికి నేనొక్కణ్ణి సమ్మెటతో నిలబడ్డాను. కాయితం మడిచి జేబులో పెట్టుకుని ఆ పూటకు పని ఆపేశాను.

మూడో రోజు హైదరాబాదు నుంచి మా బావమరిది దిగాడు. అతని దగ్గర అన్నిటికీ వీడియోలుంటాయి. "ఈ కాలంలో సమ్మెటేంటి బావా" అని అద్దెకు బ్రేకర్ మిషను తెచ్చాడు. అది మొదలైన ఐదు నిమిషాలకు మా ఇంట్లో అల్మారా తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. పది నిమిషాలకు ఫ్యూజు పోయింది. అది వేసి మళ్ళీ మొదలుపెడితే, ఈసారి గచ్చు నడుమ అచ్చంగా గుంట పునుగంత గుండ్రటి కన్నం పడి, మిషను ఉలి అందులో బిగుసుకుపోయింది. సాయంత్రం దాకా దాన్ని బయటికి లాగడమే సరిపోయింది. గచ్చు తియ్యడానికి మిషను తెచ్చి, మిషను తియ్యడానికి గచ్చు తవ్వాం.

ఆ దుమ్ములో ఇద్దరం విబూది పూసుకున్న సాధువుల్లా తయారయ్యాం. ఆ తెల్లపొడి మామూలు దుమ్ము కాదు. అందులో ఇసకలోని సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అక్కడే కాపురం పెడుతుంది. నీళ్ళు చల్లుతూ, ముక్కుకు సరైన మాస్కు కట్టుకుని కొట్టాలని ఆ తర్వాత తెలిసింది. బావమరిది వీడియోలో ఆ ముక్క లేదు.

చివరికి ఒక ముసలి మేస్త్రీ వచ్చాడు. వచ్చినవాడు అరగంట సేపు పనిముట్టు ముట్టుకోలేదు. టీ తాగాడు. గచ్చు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. మడమతో అక్కడక్కడా తట్టి విన్నాడు. నా చుక్కల ముగ్గు చూసి, "ఇదెవరండీ?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత గునపంతో అంచు కింద మట్టి గుల్ల చెయ్యడం మొదలుపెట్టాడు. జానెడు లోపలికి బోలు అయ్యాక, దాని కిందకు గునపం దూర్చి, గునపం కింద ఒక రాయి ఎత్తు పెట్టి, కొసన తన కుర్ర కూలీని కూర్చోబెట్టాడు. వెంట్రుకవాసి లేచింది గచ్చు. అప్పుడు అంచుకి జానెడు ఇవతల సమ్మెటతో నెమ్మదిగానే ఒక్కటి వేశాడు. మోత మారిపోయింది. టంగు కాదు, టప్పు. ఆ చివరనుంచి ఈ చివరకు సన్నటి గీత పాకింది.

"అడుగున నేలేనండీ దీని బలం. నేల ఆనుకుని ఉన్నంతకాలం ఏనుగొచ్చినా ఏం చెయ్యలేదు. కింద నేల తీసేస్తే ఇంకేముందండీ, అప్పడం" అన్నాడు మేస్త్రీ. ప్రహరీ మీద మాస్టారి తల మళ్ళీ లేచింది. "నేను చెప్పింది ఇదేనోయ్, లాగుడు!" అన్నారు.

నాలుగు రోజుల్లో గచ్చు అంచులనుంచి లోపలికి కరుగుతూ వచ్చింది. రెండో రోజునుంచి అసలు వింతలు బయటపడ్డాయి. నాన్నగారికి మాస్టారి థియరీ తెలుసు. లాగుడుకి ఇనుము వెయ్యాలనీ తెలుసు. ఊచల ధర కూడా తెలుసు. అందుకని ఇంట్లో పాత ఇనుమంతా వేసేశారు. కిటికీ చువ్వలు, సైకిలు ఫోర్కు, నూతి గిలక ఇరుసు, బొక్కెన బద్దలు వరసగా వచ్చాయి. మూడో రోజు ఒక పెళ్ళ విరిగితే అందులోంచి చెయ్యి చాపినట్టు పొడుగాటి ఇనప కాడ బయటికొచ్చింది. కొసన వెడల్పుగా రేకు.

అది మా అమ్మ అట్లకాడ.

ఈ అట్లకాడకు మా వంశంలో చరిత్ర ఉంది. వరద తర్వాత అది కనపడలేదు. ఆ రోజుల్లోనే మా మేనత్త వచ్చి వారం రోజులుండి వెళ్ళింది. పట్టుకుపోయింది ఆవిడేనని అమ్మ తీర్పు. నలభై ఏళ్ళలో రెండు పెళ్ళిళ్ళకు పిలుపులు ఆలస్యమయ్యాయి, ఒక గృహప్రవేశంలో చీర మారింది. అన్నిటి వెనకా ఆ అట్లకాడే.

తుడిచి తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇప్పుడు మేనత్తకు ఫోను చేస్తుంది, రెండు కళ్ళూ చెమరుస్తాయి అనుకున్నాను.

"ఇది అది కాదు. అది ఇంకా బరువుండేది" అంది.

"అమ్మా, గచ్చులోంచి వచ్చిందే!"

"వస్తే వచ్చింది. అయినా మరి కంచుచెంబో?"

గచ్చు పగిలింది గానీ కేసు పగల్లేదు.

పగిలిన గచ్చు పగలని గచ్చుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సుమారు ఒకటిన్నర రెట్లవుతుందన్నాడు మేస్త్రీ. ట్రాక్టరు ట్రక్కుడు గుట్ట గేటు పక్కన చేరింది. దాన్ని రోడ్డు పక్కనో కాలవలోనో పారబోయకూడదని 2016 నుంచి దేశమంతటికీ నియమాలున్నాయి. "హైదరాబాదులో అయితే జీడిమెట్లలోనూ ఫతుల్లాగూడలోనూ ప్లాంట్లున్నాయి బావా. ఈ ముక్కలు పిండిచేసి ఇసకా కంకరా చేస్తారు, ఫుట్‌పాత్ టైల్సు చేస్తారు" అన్నాడు బావమరిది. మా ఊరికీ జీడిమెట్లకూ మధ్య నాలుగొందల కిలోమీటర్లుంది. నాన్నగారే అంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు.

వీధి చివర పల్లపు స్థలం ఉన్నాయన వచ్చి గుట్టను పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు చూశాడు. "మెరకకి పనికొస్తుంది. ట్రాక్టరు కిరాయి మీరు పెట్టుకుంటే తీసుకెళ్తాను" అన్నాడు. కట్నమిచ్చి గచ్చును అత్తారింటికి పంపించాం.

జులైలో పెద్ద వాన పడింది. ఇన్నేళ్ళూ వీధిలో నీళ్ళు వెళ్ళి ఆ పల్లపు స్థలంలో నిలిచేవి. ఇప్పుడక్కడ మెరకుంది. దారి దొరక్క నీళ్ళు వెనక్కి తిరిగి, వీధంతా నడుచుకుంటూ వచ్చి, మా గేటు కిందనుంచి పెరట్లోకి దిగాయి. వరదకు కదలకూడదని పోసిన గచ్చు వీధి చివర కూర్చుని మా ఇంట్లోకే వరద పంపింది. అయితే పెరట్లో మట్టి నలభై ఏళ్ళ దాహంతో ఉంది. బుడబుడమని బుడగలు వదులుతూ సాయంత్రానికి మొత్తం తాగేసింది. బోరు దగ్గు కూడా కొంత తగ్గింది.

కానీ కాళ్ళకు బురద. "బట్టలెక్కడ ఉతకనురా?" అంది అమ్మ. మల్లె మొక్కలకు అటుపక్కన నాలుగడుగులకు నాలుగడుగుల చిన్న గచ్చు చాలని మా ఆవిడా తేల్చింది. అదే మేస్త్రీని పిలిచాం.

"మూడంగుళాలు వేద్దామండీ. మళ్ళీ తియ్యాలన్నా తేలిక" అన్నాడు.

"ఐదు వెయ్యి. ఇంకో బస్తా ఎక్కువైనా పర్లేదు" అని ఎవరో అన్నారు. చూస్తే నేనే. మా అబ్బాయి అప్పటికే బకెట్టు కనపడకుండా దాచాడు.

కాంక్రీటు పోస్తుండగా అమ్మ మెల్లగా వచ్చి కొంగు చాటునుంచి అట్లకాడ తీసి నా చేతికిచ్చింది.

"ఇది కూడా వేసెయ్యి నాన్నా. వచ్చే నెల మీ అత్త వస్తానంది."