తిరుమలగిరి లంకెకు టీకా తాత్పర్యం

మూలం:
[[తిరుమలగిరి (సూర్యాపేట జిల్లా)|తిరుమలగిరి]]లో బస్సు దిగవలెను.

అవతారిక: వికీపీడియాలో వ్యాసం రాయబూనిన ఒకానొక కవి, ఊరి పేరును దాని పుటకు ముడివేస్తున్నాడు.

ప్రతిపదార్థం: [[ = జోడు తలుపులు (ఒంటి తలుపు చాలదు); తిరుమలగిరి (సూర్యాపేట జిల్లా) = చేరవలసిన పుట పూర్తి నామధేయము; | = నిలువుగీత; తిరుమలగిరి = చదువరి కంటికి ఆనునది; ]] = మూత; లో = షష్ఠి (సప్తమి అనువారు విభక్తుల పట్టిక మరల వల్లించునది).

తాత్పర్యం: తిరుమలగిరిలో బస్సు దిగాలి.

శంక: గీతకు అటూ ఇటూ ఒకే ఊరు. పునరుక్తి దోషం కాదా?

సమాధానం: కాదు. సూర్యాపేట జిల్లాలో ఒక తిరుమలగిరి, నల్గొండ జిల్లాలో తిరుమలగిరి సాగర్, హైదరాబాదులో కంటోన్మెంటు తిరుమలగిరి, మూడూ మండలాలే. ఇలా ఒకే పేరు పలువురిదైనప్పుడు దారి చూపే పుటను తెలుగు వికీలో ‘అయోమయ నివృత్తి’ అంటారు. ఉపనిషత్తు పేరులా ఉన్నా, చేసే పని ఏ ఊరో అడగడమే.

పాఠాంతరం: ‘(నల్గొండ జిల్లా)’ అని కొందరు రాస్తారు. 2016 అక్టోబరు 11కు ముందు అది సాధువే. ఆనాటి జిల్లాల పునర్విభజనలో ఈ ఊరు సూర్యాపేటకు పోయింది, నల్గొండకు కొత్తగా తిరుమలగిరి సాగర్ మండలం దక్కింది. చిక్కంతా ఇక్కడే. లేని పుటకు వేసిన లంకె ఎర్రబడి తన తప్పు తానే చెబుతుంది. వేరే ఊరికి పోయే లంకె మాత్రం నీలంగా, నిశ్చింతగా ఉంటుంది. దాన్ని పట్టాలంటే ఊరు తెలిసినవాడే నొక్కి చూడాలి.

వ్యాకరణ విశేషం: ‘లో’ తలుపుల బయట ఉన్నా నీలమే అవుతుంది, అంటిపెట్టుకున్న తెలుగు అక్షరాలను వికీ లంకెలో కలుపుకుంటుంది. ‘[[మండలం]]లో’ అందుకే చక్కగా కుదిరింది. ‘మండలానికి’ వద్ద పప్పులుడకవు, సున్నా పోయి ఔపవిభక్తికం అడ్డొస్తుంది. [[మండలం|మండలానికి]] అనక తప్పదు. స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ సాధనంలో పదకోశానికి లంకె వేసేవారికీ ఇదే బాధ, కాకపోతే వరుస తిరగబడుతుంది: కనబడే మాట ముందు, కోశంలోని మాట వెనుక, కోణపు గుర్తుల్లో. తలుపులే అక్కర్లేని పద్ధతీ ఒకటుంది: 1995లో వార్డ్ కనింగ్‌హామ్ తన తొలి వికీలో మాటలను పెద్దక్షరాలతో అతికించి లంకె చేశాడు. పెద్దక్షరాలే లేని మనకు ఆ పద్ధతి ఎందుకూ కొరగాదు.

లోప విశేషం: గీత తరువాత ఏమీ రాయక తలుపులు మూసినా, భద్రపరచగానే వికీయే కుండలీకరణంలోని జిల్లాను వదిలి ఊరిపేరు పూరిస్తుంది. మూలకర్తకు ఈ సంగతి తెలియదని ఊహ. తెలిస్తే తిరుమలగిరి అని రెండోసారి టైపు చేసేవాడు కాదు.