ఎనభై అంటే ఏ ఎనభై?

ఇప్పటి కుర్రాళ్లకు నంబరు ఒక్కటి కనిపిస్తే చాలు. 55 కంటే 80 మంచిది, 80 కంటే 110 ఇంకా మంచిది. ఆయిలు బావికి కేసింగు గ్రేడు ఎంచడమంటే కొత్త సెల్‌ఫోను మోడలు ఎంచుకున్నట్టే అయిపోయింది. విశాఖ పైపు యార్డుల్లో తనిఖీలు చేస్తూనే జుట్టు నెరిసినవాణ్ని. ఈ ధోరణి చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

మా రోజుల్లో, అంటే 1983లో రాజోలులో గ్యాసు పడి కోనసీమ పొలాల్లో రిగ్గులు లేస్తున్న కాలంలో, పైపు మాట తర్వాత, బావి మాట ముందు. లోతెంత? అడుగున వేడెంత, పీడనమెంత? గ్యాసుతోపాటు నీళ్లు వస్తాయా? అందులో కార్బన్ డయాక్సైడు ఎంత, హైడ్రోజన్ సల్ఫైడు జాడ ఉందా? ఈ సంగతులు లేని ఇండెంటు తీసుకెళ్తే మా పెద్ద ఇంజనీరు చదవకుండానే వెనక్కి తోసేసేవారు. "బావి లోపల ఏటుందో తెలీకుండా పైపు ఏటి రాసీసినావు బాబూ?" అని అడిగేవారు. దానికి జవాబు దొరికేదాకా మళ్లీ ఆ గదిలోకి వెళ్లే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

కేసింగంటే బావికి గోడ. దింపి చుట్టూ సిమెంటు పట్టించాక దాన్ని పైకి లాగి మార్చే వీలుండదు. దానికి గండాలు మూడని అందరికీ తెలుసు. తన బరువుకి తానే తెగచ్చు, లోపలి పీడనానికి పగలచ్చు, బయటి ఒత్తిడికి నలగచ్చు. తెగే భయం పైభాగంలో, నలిగే భయం అడుగున. అందుకే ఒకే వరసలో కూడా గ్రేడూ మందమూ మారుస్తూ దింపుతారు. మేం గ్రాఫు కాగితం మీద రోజుల తరబడి వేసిన ఈ లెక్కలన్నీ ఇవాళ కంప్యూటరు క్షణంలో వేసేస్తుంది. మంచిదే. నా గొడవ నాలుగో గండంతో. అది ఉందని మనిషి చెబితేగానీ కంప్యూటరు దాన్ని లెక్కలోకి తీసుకోదు.

హైడ్రోజన్ సల్ఫైడు, నీరు కలిసి ఉక్కును తాకితే హైడ్రోజన్ పరమాణుదశలో పుడుతుంది. గంధకం అడ్డుపడటంతో అది వాయువుగా బయటికి పోలేక లోహంలోకి ఇంకుతుంది. మెత్తటి ఉక్కు దాన్ని ఓర్చుకుంటుంది. గట్టి ఉక్కు ఓర్చుకోదు. సాగదు, వంగదు, ముందుగా ఏ సూచనా ఇవ్వదు, ఒక్కసారిగా చీలుతుంది. లెక్క ప్రకారం మోయాల్సిన బరువులో ఇంకా చాలా మిగిలి ఉండగానే చీలుతుంది. చవకరకమని ఈనాటివాళ్లు చిన్నచూపు చూసే జె55 నిలిచే చోట, ఘనంగా ఖరీదు పెట్టి తెచ్చిన పి110 పగలచ్చు. తుప్పు ఇంజనీర్ల సంస్థ నేస్ 1975లోనే దీని మీద నియమాలు ప్రచురించింది. అప్పట్లో ఆ పుస్తకం జిరాక్సు కాపీ చేతులు మారి మారి నలిగిపోయేది. ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉంది, తెరిచేవాళ్లే లేరు.

ఆమధ్య ఒక యార్డులో కుర్ర ఇంజనీరు అడిగాడు: "సార్, ఎన్80, ఎల్80 రెండూ ఎనభైయే కదండీ, ఏది స్టాకులో ఉంటే అది ఎక్కించేద్దామా?" నాకు గుండె జారిపోయింది. చదరపు అంగుళానికి 80 వేల పౌండ్ల దాకా సాగకూడదన్న కింది హద్దు రెండింటికీ ఒకటే. తేడా పైహద్దులో ఉంది. ఎన్80 1,10,000 దాకా పోవచ్చు. ఎల్80 95 వేలు దాటకూడదు, రాక్‌వెల్ సి కొలతలో గట్టిదనం 23 మించకూడదు, కాల్చి చల్లార్చి మళ్లీ కాచడం తప్పనిసరి. బలం మరీ పెరగకూడదని కట్టడి చేసిన పైపు అది, ఆ కట్టడికే మనం డబ్బు కట్టేది. యార్డులో ఈ తేడా చెప్పేది రంగు పట్టీలు. ఎన్80 మొదటి రకానికి ఒక ఎరుపు పట్టీ, ఎల్80కి ఎరుపు పక్కన గోధుమరంగు పట్టీ. మన సముద్రపు గాలికి, తుప్పుకి ఆ రెండో పట్టీ చెరిగిందంటే కంటికి రెండూ ఒకటే. మా కళాసీలు పట్టీ సరిగా కనిపించకపోతే పైపును కదపకుండా నన్ను కేకేసేవారు. చదువు లేకపోయినా వాళ్లకున్న ఆ పట్టింపు ఈనాటి డిగ్రీల్లో ఎక్కడా కనబడటం లేదు.

ఇంకో మాట చెబితే నమ్మరు. ఈ చీలిక భయం వేడిగా ఉండే అడుగున కంటే చల్లగా ఉండే పైభాగంలోనే ఎక్కువ. అందుకే అడుగున నిలిచిన గట్టి గ్రేడు పైన పనికిరాకపోవచ్చు. బావిని మూసి ఉంచితే వేడెక్కిన పైపూ చల్లారుతుంది, అది కూడా ఆలోచించాలి.

"మన కృష్ణా-గోదావరి గ్యాసులో గంధకం లేదు కదా" అంటారు. చాలావరకు నిజమే. కానీ ఇక్కడ మిగిలిన పైపు పడమటి తీరానికి పోదని హామీ ఏముంది? అక్కడి బస్సీన్ గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడు ఉంటుంది, దాన్ని వదిలించడానికే హజీరాలో పెద్ద ప్లాంటు కట్టారు. పైగా మన లోతు బావుల వేడికి, కార్బన్ డయాక్సైడు తడితో కలిస్తే తినేసే తీరుకి, మామూలు ఉక్కు చాలని చోట్ల 13 శాతం క్రోమియం పైపు కావాలి. అదీ వేడి మరీ మించితే సరిపోదు, దాని మరలు కాస్త అజాగ్రత్తగా బిగించినా కొరుక్కుపోతాయి.

1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. దానికి పైపే కారణమని నేననను. కానీ ఆ మంట చూసినవాడెవడూ బావి విషయంలో "ఏదో ఒకటి" అన్న మాట మళ్లీ అనలేదు.

విశాఖ ఉక్కు కోసం 1966లో రోడ్డెక్కిన ఊరు మనది. మన ప్లాంటు కడ్డీలు, వైరు రాడ్లు, నిర్మాణాల ఉక్కు చేస్తుంది. అతుకులేని కేసింగు మాత్రం బయటినుంచే వస్తుంది. మా కాలంలో దాన్ని ఓడల్లో తెచ్చేవారు, ఇప్పుడు మహారాష్ట్ర మిల్లులే చేస్తున్నాయి. నాణ్యత కూడా పెరిగింది. ప్రతి పైపుకీ దాని పోతపోసిన ఉక్కు దాకా చరిత్ర దొరుకుతోంది. అంత చరిత్ర చేతికి అందిస్తే సర్టిఫికెట్టు చివరి పేజీ సంతకం చూసి ఫైలు మూసేస్తున్నారు. గట్టిదనం అంకె మూడో పేజీలో ఉందయ్యా, అక్కడిదాకా చదవండి. పట్టీ చెరిగిన పైపును పక్కకి దొర్లించి, గట్టిదనం కొలిచి, స్టెన్సిలు నంబరు సరిచూసి, మళ్లీ రంగు వేసేదాకా లారీ ఎక్కించకండి.