మనకొకటైనా వచ్చిందా?

ఢిల్లీలో ప్రమాణ స్వీకారం అంటే చాలు, మా తిరుపతి టీ అంగళ్ల కాడ ఒకటే ప్రశ్న: 'మనకొకటైనా వచ్చిందా?' ఏ శాఖ, ఆ శాఖలో పనేంది, ఇవి ఎవురికీ పట్టవు. 2024 జూన్ 9న ప్రధానితో కలిపి 72 మంది ప్రమాణం చేసినారు. మా మనవడు ఫోన్‌లో జాబితా పెట్టుకొని ఏ కులానికెన్ని, ఏ పార్టీకెన్ని అని అప్పజెప్పతా ఉన్నాడు. 'ఒరే అబ్బోడా, ఉక్కు శాఖ ఎవురికిచ్చినారు?' అంటే నోరు తెరిచినాడు.

ఉక్కే ఎందుకడిగినానంటే, సరిగ్గా అరవై ఏండ్ల ముందర, 1964లో అదే జూన్ 9న లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గం కొలువుదీరింది. ఉక్కు, గనులు మా సీమాయనకే, నీలం సంజీవరెడ్డికే ఇచ్చినారు. నిండు క్యాబినెట్ హోదా. ఇప్పుడు ఉక్కు కుమారస్వామిది. మన భీమవరం శ్రీనివాసవర్మ ఆయన కింద సహాయ మంత్రి. సహాయ మంత్రికి క్యాబినెట్ సమావేశంలో కుర్చీ ఉండదు, పిలిస్తేనే పోవాల. ఆ 72లో ప్రధానిని పక్కనబెడితే క్యాబినెట్ మంత్రులు 30 మందే. గజమాలలు తెచ్చేవాళ్లకు ఈ తేడా చెప్పబోతే నన్నే ఎగాదిగా చూస్తారు.

సంజీవరెడ్డి ఢిల్లీకి ఎట్లా పోయినాడో కూడా చెప్పాల. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు నాలుగు మాటలన్నందుకు 1964 ఫిబ్రవరిలోనే ముఖ్యమంత్రి కుర్చీ దిగినాడు. 'నాలుగు నెలలకే కేంద్రమంత్రి అయిపోయినాడు గదా తాతా' అని మనవడి ఎత్తిపొడుపు. అయినాడు, కాదన్నానా? ముందు దిగినాడు గదా! ఆయన్ను తీసుకున్న శాస్త్రి కూడా అట్లాంటాయనే. 1956లో మహబూబ్‌నగర్ రైలు ప్రమాదానికి రైల్వేమంత్రిగా రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. అరియలూరులో ఇంకోటి జరిగినాక నిలవలేదు, పోయినాడు.

ఇంకా వెనక్కి పోతే, 1947 మంత్రివర్గంలో నెహ్రూతో కలిపి 14 మంది. కాంగ్రెస్‌తో ఏండ్లతరబడి పోట్లాడిన అంబేడ్కర్‌కు న్యాయశాఖ. జస్టిస్ పార్టీ షణ్ముఖం చెట్టికి ఆర్థికం. హిందూ మహాసభ శ్యామాప్రసాద్ ముఖర్జీకి పరిశ్రమలు. తెలుగాయన ఒక్కడు లేడు. మా నాయన దానికి నొచ్చుకోంగా నేనెప్పుడూ వినలేదు.

నొచ్చుకోవాల్సిన అవసరమూ రాలేదులే. తిరుచానూరు అనంతశయనం అయ్యంగారు 1956లో లోక్‌సభ స్పీకరైనాడు. నెహ్రూ అయినా ఆయన అనుమతితో మాట్లాడాల్సిందే. రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి 1960 దాకా మా చిత్తూరు జిల్లాదే, సరిహద్దు పంపకంలో మద్రాసుకు పోయింది. ఆయన రాష్ట్రపతిగా గుల్జారీలాల్ నందా చేత రెండుసార్లు ప్రమాణం చేయించినాడు, మధ్యలో శాస్త్రి చేత, ఆనెక ఇందిర చేత. 1979లో మొరార్జీ పోతే చరణ్‌సింగ్‌ను పిలిచింది, ఆయన బలపరీక్షకు రాకనే దిగిపోతే లోక్‌సభను రద్దు చేసింది రాష్ట్రపతి సంజీవరెడ్డే. జగ్జీవన్‌రామ్‌ను పిలవకపోవడం తప్పని నేను అప్పుడూ అన్నా, ఇప్పుడూ అంటా.

తరవాత మాకూ 'ఒకటి' రావడం మొదలైంది. పీవీ హయాంలో మా ఎంపీ చింతా మోహన్‌కు ఎరువుల సహాయ మంత్రి పదవి. చిరంజీవి సంగతి వేరు. 2009లో పాలకొల్లు కాదంటే మేము గెలిపించినాం. పార్టీని కాంగ్రెస్‌లో కలిపేసి, రాజ్యసభకు పోయి, 2012 అక్టోబరులో పర్యాటకశాఖ స్వతంత్ర హోదాతో అందుకున్నాడు. ఆయనకు మంత్రి పదవి, మాకు ఉపఎన్నిక.

మా రోజుల్లోనూ సంతర్పణ లేకపోలేదు. 1980లో ముఖ్యమంత్రి అంజయ్య అరవై మందికి పైగా మంత్రులను పెట్టుకొని నవ్వులపాలైనాడు. మా నారావారిపల్లె చంద్రబాబు మొదటిసారి మంత్రి అయింది ఆ గుంపులోనే. 2003లో రాజ్యాంగాన్ని సవరించి సభ బలంలో 15 శాతం దాటకూడదని కట్టుబాటు పెట్టినారు. లోక్‌సభకు 543 మంది గదా, 81 మంది దాకా పెట్టుకోవచ్చు. ఇదీ ఒక కట్టుబాటేనా?

పోనీ, లెక్కలే చూద్దామంటే అక్కడా మాకు దాదాపు సున్నే. 2024లో ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 14కు 12 చోట్ల కూటమిని గెలిపించినాం. జూన్ 12న రాష్ట్ర మంత్రివర్గంలో ప్రమాణం చేసిన వాళ్లలో మా జిల్లా తరఫున కుప్పం ఎమ్మెల్యే ఒక్కడే. ఆయన ముఖ్యమంత్రి. 'ఇంకెన్ని కావాల మీకు?' అని కడపోళ్లు నవ్వతారు. కేంద్రంలో తెలుగువాళ్లు ఐదుగురైతే సీమ నుంచి ఎవురూ లేరు.

మంత్రి అయినాక కొండకు రావడం మాత్రం ఎవురూ మానరు. రంగనాయకుల మండపంలో వేదాశీర్వచనం, శేషవస్త్రం, బయటికి రాంగానే మైకులు. ఇన్ని మైకుల్లో ఒక్కటీ శాఖ గురించి అడగదు. దర్శనం బాగా జరిగిందా, రాష్ట్రానికేం మొక్కుకున్నారు, ఇంతే. ఈసారి సహాయ మంత్రి ఎవురన్నా వస్తే ఒక్కరన్నా అడగండప్పా: 'అయ్యా, మీ పెద్దమంత్రి మీకు ఏయే ఫైళ్లు పంపిస్తా ఉన్నాడు?'