కుర్ర క్రికెటర్ వినకూడని సలహాలు

జిల్లా జట్టు నుంచి రంజీకి, అక్కడి నుంచి ఐపీఎల్‌కి ఎదిగే కుర్రాళ్లకి ఫిక్సింగ్ గురించి అయినవాళ్లూ సీనియర్లూ మంచి మనసుతోనే కొన్ని సలహాలు చెబుతుంటారు. నాకు బుకీ కన్నా ఈ సలహాలంటేనే ఎక్కువ భయం. బుకీ దగ్గర జాగ్రత్త పడతావు, మేనమామ దగ్గర పడవు.

"పిచ్ ఎలా ఉందో, వాన పడుతుందో లేదో చెబితే ఏం పోతుంది?" 1994లో శ్రీలంకలో షేన్ వార్న్, మార్క్ వా 'జాన్' అనే ఒకడి దగ్గర డబ్బు తీసుకుని చెప్పింది ఇంతమాత్రమే. ఆస్ట్రేలియా బోర్డు జరిమానా వేసి గుట్టుగా ఉంచినా 1998లో బయటపడింది. బుకీకి వాన కబురు అక్కర్లేదు. నువ్వు డబ్బు పుచ్చుకునే మనిషివో కాదో తెలిస్తే చాలు.

"ఒక్క నోబాల్‌తో మ్యాచ్ ఓడిపోం కదా." 2010లో లార్డ్స్‌లో మహమ్మద్ ఆమిర్ అలాంటి నోబాల్సే వేశాడు. అప్పటికి వాడికి 18 ఏళ్లు. ఐదేళ్ల నిషేధం పడింది, 2011లో లండన్ కోర్టు జైలుకీ పంపింది. ఆ వయసులో అంత స్వింగ్ ఉన్న ఎడమచేతి బౌలర్‌ని నేను మళ్లీ చూడలేదు. ఆ ఐదేళ్లూ తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

"బోర్డు జీతాలివ్వకపోతే ఆటగాడు మాత్రం ఏం చేస్తాడు?" ఈ మాటలో కొంత న్యాయం ఉంది, అందుకే ఇది మరీ ప్రమాదం. జింబాబ్వే ఆటగాడు బ్రెండన్ టేలర్‌కి 2019లో బోర్డు నుంచి నెలల తరబడి డబ్బు రాలేదు. స్పాన్సర్‌షిప్ మాట్లాడదాం రమ్మని ఓ వ్యాపారి భారత్‌కి పిలిచి 15,000 డాలర్లు ఇవ్వజూపాడు. ఆఖరి రాత్రి విందులో కొకైన్ ఇచ్చారు, వీడియో తీశారు. మర్నాడు దాన్ని చూపించి ఫిక్సింగ్ చేయమన్నారు. తాను ఏ మ్యాచ్‌నీ ఫిక్స్ చేయలేదన్నాడు టేలర్. అయితే డబ్బు తీసుకున్నాడు, సంగతి చెప్పడానికి నాలుగు నెలలు ఆగాడు. మూడున్నరేళ్లు నిషేధించారు. జీతం బాకీ ఉన్న ఆటగాణ్ణే వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. బోర్డు అప్పు బోర్డునే అడుగు, ఆటగాళ్ల సంఘంతో అడిగించు.

"వద్దని చెప్పి ఊరుకో." అన్నిటికన్నా ఎక్కువ మందిని ముంచేది ఇదే. షకీబ్ అల్ హసన్ మ్యాచ్‌లు అమ్మలేదు. 2018లో వాట్సాప్‌లో ఒక బుకీ జట్టు సమాచారం అడిగినప్పుడల్లా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అంతే. అలా అడిగినవాటిలో ఒకటి అతను సన్‌రైజర్స్ హైదరాబాద్ తరఫున ఆడిన మ్యాచ్‌కి సంబంధించింది. 2019 ప్రపంచకప్‌లో 606 పరుగులు చేసిన మనిషి అదే ఏడాది అక్టోబర్‌లో రెండేళ్ల నిషేధానికి తలవంచాడు, అందులో ఏడాది సస్పెండ్ చేశారు. మన హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్‌ని 2023లో, బెట్టింగ్‌లో పోగొట్టుకున్న ఒకతను జట్టు లోపలి విషయాలు అడిగాడు. సిరాజ్ బీసీసీఐ అవినీతి నిరోధక విభాగానికి చెప్పేశాడు. అతని ఆటకి ఏ అడ్డూ రాలేదు.

"కెప్టెన్‌కో కోచ్‌కో చెబితే చాలు." 2000లో నాగపూర్ వన్డేకి ముందు 20 లోపు అవుటైతే 15,000 డాలర్లని హెర్షెల్ గిబ్స్‌కి బేరం తెచ్చింది స్వయానా దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనే. గిబ్స్ సరేనని, తీరా 74 కొట్టాడు. ఒప్పుకున్నందుకే ఆరు నెలల నిషేధం పడింది. 2021లో ఎనిమిదేళ్ల నిషేధం పడిన హీత్ స్ట్రీక్ కోచ్. ఐసీసీ నియమావళి ప్రకారం జట్టులో ఎవరికి చెప్పినా లెక్కలోకి రాదు, అవినీతి నిరోధక అధికారికే చెప్పాలి. సీజన్ మొదటి రోజే ఆ నంబర్ ఫోన్‌లో వేసుకో. మెసేజ్ వస్తే చెరపకు, జవాబివ్వకు. ఆ రోజే పంపించు.