సగటు సర్వజ్ఞులు

సిగరెట్ తాగితే హత్యకు గురవుతారు. నవ్వకండి, లెక్కలున్నాయి. అమెరికాలో మూడున్నర లక్షలకు పైగా మగవాళ్ల వివరాలు తీసి చూస్తే, పొగతాగేవాళ్లలో ఆత్మహత్యలే కాదు, పరాయి చేతిలో పోయినవాళ్లూ ఎక్కువే తేలారు. అంటే హంతకుడు కత్తి దూసే ముందు ఎదుటివాడి జేబులో సిగరెట్ పెట్టె ఉందో లేదో తడిమి చూస్తాడన్నమాట! 1992లో ఈ సంగతి బయటపెట్టిన జార్జి డేవీ స్మిత్ బృందం కొత్త సత్యం కనుక్కున్నామని ఊరేగలేదు. ఇలాంటి లెక్కలు ఎంత నమ్మకంగా బొంకగలవో చూపించడానికే బయటపెట్టింది.

మన మెటా ఎనాలిసిస్ పండితులు అంతటితో తగ్గుతారా! ఒక అధ్యయనం మీద అనుమానమొస్తే ఇరవై తెచ్చి కలిపేస్తారు. దొంగ కాటా మీద ఇరవైసార్లు తూచి సగటు తీస్తే సరుకు బరువు తెలియదు. తప్పుడు బరువే దశాంశాలతో సహా ఖాయమవుతుంది. వీళ్ల శాస్త్రంలో దాన్నే కచ్చితత్వం అంటారు.

1991లో అధ్యయనాలన్నీ ఇలాగే కుప్పపోసి, ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ వాడితే గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని తేల్చారు. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన మాత్రకు అమృతం హోదా దక్కింది. మాత్ర మింగినవాళ్లెవరు? చాలావరకు డబ్బూ చదువూ ఉండి, ఒంటి మీద శ్రద్ధతో డాక్టరు గడప తొక్కేవాళ్లు. వాళ్ల గుండెను కాసింది బిళ్లో, బ్యాంకు ఖాతానో విడదీసి చెప్పే ఓపిక ఎవరికుంది? 'సర్దుబాటు చేశాం' అని ఓ ఫుట్‌నోట్ పడేస్తే సరిపోలా!

తర్వాత అమెరికాలోనే 16,608 మంది ఆడవాళ్లను తీసుకుని, ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి బిళ్ల అన్నది చీటీలకే వదిలేశారు. ఈస్ట్రోజెన్‌తో ప్రొజెస్టిన్ కలిపిచ్చిన ఆ ట్రయల్‌ని 2002లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. గుండెజబ్బు తగ్గలేదు సరికదా 29 శాతం పెరిగింది. (ఈ శాతాల గారడీ ఇంకో ముచ్చట. 29 శాతమంటే ఏడాదికి పదివేల మందిలో 30 బదులు 37. కానీ '37' అని హెడ్డింగు పెడితే పేపరెవడు చదువుతాడు?)

బీటా కెరోటిన్‌దీ ఇదే బాగోతం. అది బాగా తినేవాళ్లకు క్యాన్సర్ తక్కువన్నారు. తీరా ఫిన్లాండ్‌లో పొగరాయుళ్లకు బిళ్లలుగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగినట్టు 1994లో బయటపడింది.

పొగాకు గుట్టు విప్పిందీ ఇలాంటి పరిశీలనే కదా అని కోప్పడతారు పండితులు. నిజమే. అక్కడ తేడా పదింతలకు పైమాట స్వామీ, మీరు భూతద్దంతో వెతికి తెచ్చే పన్నెండు శాతం కాదు!

2013లో ఇద్దరు పరిశోధకులు ఓ వంటల పుస్తకం తిరగేసి 50 దినుసులు ఏరారు. ఉప్పు, ఉల్లి, గుడ్డు, వెన్న... 40 దినుసులకు క్యాన్సర్‌తో ముడిపెట్టో, విడగొట్టో పేపర్లు దొరికాయి. అప్పటికి ఏ పాపమూ పుణ్యమూ అంటని పదింటిలో లవంగం ఉంది, అల్లం ఉంది, తాబేలు కూడా ఉంది. గ్రాంటు కోసం తంటాలు పడుతున్నవాళ్లెవరైనా ఉంటే త్వరపడండి. అల్లం మీద ఈపాటికే ఎవరో వాలి ఉంటారు, తాబేలు దొరకొచ్చు.