సింటెక్స్ ట్యాంకులో మూడు చేపలు

దబీర్‌పురాకు సముద్రం లేదు. చెరువు కావాలంటే మీర్ ఆలం దాకా పోవాలి. మూసీ దగ్గరే గానీ, అక్కడ గాలం వేయాలనుకునేవాడు ముందు తన ముక్కు సంగతి చూసుకోవాలి. హైదరాబాద్ పాత షహర్ కోటగోడకు ఒకప్పుడున్న దర్వాజాల్లో ఇప్పటికి నిలిచినవి రెండే. ఒకటి పురానాపూల్‌ది, రెండోది మాది. ఆ దర్వాజా పక్కనుంచి ఆటోలు, మేకలు, పెళ్లి బారాత్‌లు పోతాయి తప్ప పడవలు పోవు. అయినా సరే, పడవలో బిగించుకునే ఫిష్ ఫైండర్ మొరాయిస్తే ఏం చేయాలో చెప్పగల పండితులు మా గల్లీ చాయ్ హోటల్లో ఏ వేళప్పుడు పోయినా ఒక బల్ల నిండా దొరుకుతారు.

వీళ్లు ఆదివారం షికారీలు. వారమంతా జరీ దుకాణంలోనో, మొబైల్ రిపేరు కౌంటర్లోనో, సర్కారు ఆఫీసులోనో గడిపి, వారాంతానికి రబ్బరు పడవ మడిచి ట్రాలీ ఆటోలో వేసుకుని నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌కు బయల్దేరతారు. వీళ్ల తాతలకు వెదురు కర్ర, దారం, బెండు, రేకు డబ్బాలో వానపాములు ఉండేవి. బెండు మునిగితే చేప ఉన్నట్టు, తేలుతూ ఉంటే లేనట్టు. దానికి బ్యాటరీ అక్కర్లేదు, గ్యారంటీ కార్డు అక్కర్లేదు. ఒకటే లోపం, ఉన్నది ఉన్నట్టు చెప్పేది. మనవలు ఆ లోపం సవరించడానికి వేలకు వేలు పోసి రంగుల తెరలున్న యంత్రాలు తెచ్చుకున్నారు.

జబ్బు అక్కడ మొదలైంది. తెర మీద చేప బొమ్మ పడితే మెషీన్ మంచిది. గాలానికి ఏమీ తగలకపోయినా మంచిదే. చేప గడుసుదట, ఎర నచ్చలేదట, పక్క పడవవాడు దగ్గాడట. తెర ఖాళీగా ఉందా, మెషీన్ ఖరాబు. "కింద చేపలే లేవేమో భాయ్" అనే మాట ఆ బల్ల దగ్గర ఎవరి నోటా నేను వినలేదు. నాకు అనాలనిపించినప్పుడల్లా ఉస్మానియా బిస్కెట్ నోట్లో పెట్టుకుంటాను.

కొనేటప్పుడే మొదలవుతుంది ఈ నాటకం. దుకాణంలో కౌంటర్ మీద స్టాండుకు బిగించిన మెషీన్. స్విచ్ వేయగానే తెర మీద 42 అడుగుల లోతు, నున్నటి అడుగు, దాని మీదుగా రెండు బలిసిన చేపలు, వాటి వెనకాల పిల్లాజెల్లా. మెషీన్ కింద ఉన్నది గ్రానైట్ బండ. నీళ్లలో ఉండాల్సిన ట్రాన్స్‌డ్యూసర్ ఇంకా డబ్బాలోనే ఉంది, దాని ప్లాస్టిక్ కవరు కూడా చించలేదు. "చూశారా సార్, ఎంత క్లియర్‌గా ఉందో" అంటాడు అమ్మేవాడు. సార్ చూస్తాడు. తల ఊపుతాడు. కార్డు గీస్తాడు. ఇందులో మోసమేమీ లేదు. మెనూలో డెమో అనో, సిమ్యులేటర్ అనో రాసే ఉంటుంది. చదవకూడదని ఎవరూ ఆంక్ష పెట్టలేదు.

ఆ డెమో ఆపకుండానే సాగర్‌కు పోయిన షికారీ ఒకాయన ఉన్నాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెర మీద చేపలు పారాడుతూనే ఉన్నాయి. ఆయన గాలానికి ఒక్క జెల్ల కూడా పడలేదు. తిరిగొచ్చి, "మాల్ పడలేదు గానీ మెషీన్ మాత్రం అవ్వల్ నంబర్" అని అందరికీ తలో కప్పు చాయ్ తాగించాడు. ఇంతవరకు ఏ రిపేరూ అక్కర్లేని మెషీన్ మా గల్లీలో అదొక్కటే.

నిజానికి ఆ యంత్రం చేపను కనిపెడతానని ఏనాడూ ఒట్టు వేయలేదు. పడవ అడుగున నీళ్లలో ఉండే ట్రాన్స్‌డ్యూసర్ మన చెవికి అందని శబ్దాన్ని, చాలా వాటిలో 200 కిలోహెర్ట్జ్ దగ్గర, కిందికి పంపుతుంది. మంచినీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,480 మీటర్లు పోతుంది. అది అడుగుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు లెక్కగడుతుంది. మధ్యలో ఇంకేదైనా అడ్డం వస్తే అక్కడ ఒక మచ్చ వేస్తుంది. చేప ఒళ్లు చాలావరకు నీళ్లే కాబట్టి గాలితిత్తి ఉన్న చేపల నుంచి వచ్చే ప్రతిధ్వనిలో ఎక్కువ వాటా ఆ తిత్తిదే. అంటే దానికి తెలిసేది చేప కాదు, నీళ్లలో ఉన్న గాలి. ఆ మచ్చకు తోకా రెక్కలూ తగిలించి ముద్దుగా బొమ్మ గీసేది లోపలున్న ఫిష్ ఐడీ అనే సాఫ్ట్‌వేర్. కొనేవాడి మనసెరిగిన సాఫ్ట్‌వేర్ అది.

పైగా దాని చూపు టార్చిలైటు వెలుగులా పైన ఇరుకుగా మొదలై కిందికి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. 20 డిగ్రీల కోణమున్న ట్రాన్స్‌డ్యూసర్‌కు మూడు మీటర్ల లోతులో కనబడే మేర అడుగున ఒక మీటరు వెడల్పు. చెరువంతా వదిలేసి తన కింద గజం జాగాను చూసే యంత్రం మీద చెరువంతటి ఆశ పెట్టుకోవడం మనవాళ్లకే చెల్లింది. ఇంకో తమాషా ఉంది. తెరలో కుడి అంచున పడేదే ఇప్పటి సంగతి, ఎడమవైపు జరిగిపోయేదంతా గడిచిన కథ. పడవ లంగరేసి ఉంటే దాని నీడన తిరిగే ఒకే ఒక్క చేప పోతూ వస్తూ తెర నిండా మచ్చలు పెడుతుంది. షికారీ వాటిని ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టి "మంద" అంటాడు.

గాలి ఉన్నచోటల్లా చేప కనబడటం మన చెరువులకు మాత్రం గొప్ప వరం. మీర్ ఆలం ట్యాంకునే తీసుకోండి. పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో 21 కమానులు వరసగా పేర్చి కట్టిన ఆనకట్ట నేటికీ చెక్కుచెదరలేదు, చెడింది నీళ్లే. పైన గుర్రపుడెక్క, లోపల మురుగు. అడుగున కుళ్లిన బురదలోంచి గ్యాస్ బుడగలు లేస్తుంటాయి. బుడగలోనూ గాలే, తిత్తిలోనూ గాలే, యంత్రానికి ఆ పట్టింపు లేదు. మురుగు ఎంత చిక్కనైతే తెర మీద చేపలు అంత దండి. చెరువుల్ని బాగుచేయడం చేతకానివాళ్లు ఈ దారి పట్టవచ్చు. శుద్ధి కేంద్రాలు కట్టే బాధ లేదు, గుర్రపుడెక్క పీకే ఖర్చు లేదు. ఒడ్డున పెద్ద తెర ఒకటి పెట్టి, ఫిష్ ఐడీ ఆన్ చేసి, రిబ్బన్ కత్తిరిస్తే సరి.

ఇక లోతు పంచాయితీ. "సాగర్‌లో 590 అడుగులని పేపర్లో రోజూ రాస్తున్నరు, ఇది 18 చూపిస్తుంది, ఇదేం మెషీన్ భాయ్?" ఈ ప్రశ్న నేను చెవులారా విన్నాను. పేపర్లో రాసే 590 సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు. జలాశయం నిండుగా ఉన్నప్పటి పూర్తి నీటిమట్టం అది. ఆ లెక్కనైతే 1908 మూసీ వరద తర్వాత కట్టి 1920కి పూర్తిచేసిన గండిపేట జలాశయంలో లోతు 1,790 అడుగులు ఉండాలి. జంట నగరాల వాళ్లం అందరం పాతాళగంగ తాగుతున్నట్టే. పాపం, 18 అన్న మెషీన్ నిజం చెప్పింది, నిజం చెప్పినందుకే డబ్బాలోకి పోయింది. దాని తమ్ముడు ఒకటి గట్టి రాతి అడుగున్న చోట 12కు బదులు 24 చూపిస్తుంది. శబ్దం అడుగుకు తగిలి, నీటి పైకొచ్చి, మళ్లీ కిందికి పోయి వస్తే, ఆ రెండో రాకను యంత్రం అడుగు అనుకుంటుంది. నిజంగా తప్పు చెప్పిందంటే ఇదే. దీన్ని మాత్రం మెచ్చుకున్నారు. లోతు ఎక్కువ కదా!

ఇప్పుడు చికిత్సల విషయానికి వద్దాం. ఒకాయన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అంటాడు. ఒకాయన ఫ్యాక్టరీ రీసెట్ అంటాడు. మూడో ఆయన చైనా మాల్ అని తేల్చేసి ఫోన్లో ఇంకా ఖరీదైన దాని ఫోటో చూపిస్తాడు. అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకునేది ఒక్కటే, సెన్సిటివిటీ నూటికి నూరు పెంచాలి. పెంచుతారు. అప్పుడు నాచు చేప, ఎండుటాకు చేప, పడవ వదిలిన నురగ చేప, మోటారు రొద కూడా చేప. తెర కళకళలాడుతుంది. "అయిపోయింది, బన్‌గయా" అని చేతులు దులుపుకుంటారు.

ఇంతకీ ఆ మెషీన్ బిగించిన పడవలోకి ఒకసారి తొంగి చూడండి. సీటు కింద పాత ఇన్వర్టర్‌కు వాడి తీసేసిన 12 వోల్టుల బ్యాటరీ. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూత. రెండు వైర్లను వేళ్లతో మెలితిప్పి నల్ల టేపు చుట్టారు. తడికి ఆ టేపు వదులై జారుతోంది. ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్ ప్యాకెట్లోని వెండి కాగితం. పడవను నడిపే కరెంటు మోటారు వైరు కూడా ఆ బ్యాటరీకే. మోటారు తిప్పగానే వోల్టేజీ పడిపోయి మెషీన్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. వెలిగినప్పుడల్లా కంపెనీ పేరు కనబడుతుంది, చేప కనబడదు. ఆరకుండా ఉన్న కాసేపూ మోటారు రొదకు తెర నిండా తుంపర పడుతుంది. ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడుందని వెతికితే పడవ లోపలే ఉంది! ఫైబర్ పడవలో లోపల అతికించినా పనిచేస్తుందని ఎవరో వీడియోలో చెప్పారట. కొన్ని ఫైబర్ అడుగుల్లోంచి శబ్దం పోతుంది, నిజమే. ఇది గాలి నింపిన రబ్బరు పడవ. అడుగంతా గాలే. ఆ గాలి పొర దగ్గరే శబ్దం వెనక్కి తిరిగింది, నీళ్లను చూడనే లేదు. ఈ స్థితిలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు.

టెర్మినల్ మీది పూత గీకి, తీగ గట్టిగా బిగించి, సరైన ఫ్యూజు వేసి, మోటారుకు వేరే బ్యాటరీ పెట్టి, ట్రాన్స్‌డ్యూసర్‌కు పట్టిన నాచు తుడిచి, అది నీళ్లలో తిన్నగా కిందికి చూసేట్టు బిగిస్తే సగం మెషీన్లు లేచి కూర్చుంటాయి. కానీ ఇందులో పాండిత్యం ఏముంది? గరుకు కాగితం పట్టుకుని కూర్చున్నవాణ్ణి బల్ల దగ్గర ఎవరు గౌరవిస్తారు?

ఈ మధ్య బంతిలా నీళ్లలోకి విసిరే రకం వచ్చింది. నీళ్లు తగలగానే తనే వెలిగి ఫోన్‌కు బొమ్మ పంపుతుంది. కొత్తది కొన్న దోస్త్ ఒకడు ఆదివారం దాకా ఆగలేక, డాబా మీది సింటెక్స్ ట్యాంకు మూత తీసి దాన్ని లోపలికి జారవిడిచాడు. నేను పక్కనే ఉన్నాను. ఇలాంటి యంత్రాలకు కనీసం ఇంత లోతు ఉండాలన్న హద్దు ఉంటుంది. ఇరుకు ట్యాంకులో శబ్దం ప్లాస్టిక్ గోడలకు కొట్టుకుని తిరుగుతూనే ఉంటుంది. మనిషి నడుం ఎత్తు లేని నీళ్లకు ఫోన్లో 11 అడుగుల లోతు వచ్చింది. కింద మూడు చేపలు. ఒకటి పెద్దది, రెండు మధ్యరకం. వాడి మొహం వెలిగిపోయింది. "పనిచేస్తుంది!" అని కేకేశాడు. మెట్ల మీద నుంచి ఇంటావిడ గొంతు వినబడింది: "అట్లయితే చింతపండు నానబెట్టమంటరా?"

సాగర్ ఒడ్డున వైజాగ్ కాలనీ అని ఒక ఊరుంది. విశాఖ వైపు నుంచి వేట కోసం వచ్చి స్థిరపడ్డ జాలరుల ఊరు. వాళ్ల పడవల్లో తెరలు నేను చూడలేదు. వల ఎక్కడ వేశామో, నిరుడు ఈ కాలంలో చేప ఎటు తిరిగిందో, గాలి మారితే నీళ్లు ఎట్లా కదులుతాయో వాళ్ల తలలో ఉంటుంది. ఒక రోజు ఏమీ పడకపోతే "ఇవాళ లేవు" అంటారు, వల దులిపి ఇంటికి పోతారు. మా షికారీల్లో చాలామంది తిరుగు ప్రయాణంలో ఆగి చేపలు కొనేది కూడా అక్కడే. తర్వాత మన ఫోన్లకు వచ్చే ఫోటోలు ఆ చేపలవే. తూకం వేసిన గుర్తుగా మొప్పల దగ్గర నారతాడు కూడా ఉంటుంది, జాగ్రత్తగా చూస్తే.

హైదరాబాద్‌లోనే ఇంకో ఫిష్ ఫైండర్ ఉంది, చాలా పెద్దది. 1999లో పెట్టిన, ఇప్పుడు ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ. తీరానికి వందల కిలోమీటర్ల దూరాన కూర్చుని, ఉపగ్రహాలు పంపే సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతనూ, నీళ్లలోని పత్రహరితాన్నీ చూసి, చేపలు చేరే అవకాశమున్న చోట్లను తీరంలోని మత్స్యకారులకు చెప్తుంది. "అవకాశం ఉంది" అంటుంది, అంతే. మబ్బు కమ్మి ఉపగ్రహానికి సముద్రం కనబడకపోతే ఊహించి బొమ్మ గీయదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో అక్కడికి సలహాలే ఇవ్వదు. ఇంతమంది శాస్త్రవేత్తలుండీ ఈ సంస్థకు సింటెక్స్ ట్యాంకులో చేపలు చూపించడం చేతకాలేదు, మా బల్ల దగ్గర దాని పరువు అందుకే తక్కువ.

అసలు ఈ ఫిష్ ఫైండర్ పెట్టె పుట్టిందే జాలరి మాట నుంచి. జపాన్‌లో నాగసాకి ప్రాంతంలో పడవలకు కరెంటు పని చేసుకునే ఫురునో అన్నదమ్ములకు, చేపల గుంపు ఉన్నచోట బుడగలు లేస్తాయని ఒక అనుభవమున్న జాలరి చెప్పాడట. వాళ్లు 1948లో వ్యాపారానికి పనికొచ్చే తొలి ఫిష్ ఫైండర్ తెచ్చారు. జాలరి చెప్పింది విని యంత్రం చేసినవాళ్లు వాళ్లు. యంత్రం కొన్నాక జాలరిని అడగడం మానేసినవాళ్లం మనం.

ప్రస్తుతం మా గల్లీలో ఆరేడు మెషీన్లు అమ్మకానికి ఉన్నాయి, "ఖరాబైంది, సగం ధరకు ఇస్తా" అనే మాట మీద. కొనదలిస్తే నా మాట వినండి. డెమో ఆపించండి. ఫిష్ ఐడీ ఆపించండి. ట్రాన్స్‌డ్యూసర్‌ను నిజమైన చెరువులో, మంచి బ్యాటరీతో దింపించండి. తాడుకు రాయి కట్టి లోతు మీరే కొలిచి, అది చూపే అంకెతో సరిచూడండి. రెండూ ఒక్కటైతే బేరమాడకుండా డబ్బులిచ్చేయండి. చేపలు చూపిస్తుందా లేదా అని మాత్రం అమ్మేవాణ్ణి అడక్కండి.